చివర 'యు' వచ్చే మాట

ఇంగ్లీషులో మాటలకేం కరువు. బస్తాలకెత్తి రోడ్డు మీద కుమ్మరిస్తే బళ్ళు ఆగిపోతాయి. అంత భాషలో ఆరక్షరాలుండి చివర 'యు' వచ్చే మాట ఒక్కటి కావాలంటే మాత్రం, పొద్దుట్నించీ లెక్చరర్ గారు పిసినారి జేబులో చిల్లర వెతికినట్టు వెతుకుతున్నారు.

వెతుకుతున్నది కాలేజీలో కాదు, చనిపోయిన మనిషి దుకాణంలో. మేడ మీద బూట్ల దుకాణం అది. ఇనప మెట్లెక్కి రావాలి. లోపల తోలు వాసన, జిగురు వాసన, రెండు రోజులుగా వదలని వాన వాసన. పగలే దీపం వేశారు. వేసినా గదిలో ఎవరి మొహమూ ఎవరికీ సరిగ్గా కనపడటం లేదు.

వెనక గోడలో ఒక ఇనప్పెట్టె దిగేసి ఉంది. దానికి తాళంచెవి లేదు. తలుపు మీద వరసగా ఆరు ఇత్తడి చక్రాలు, ఒక్కో చక్రం అంచున ఇంగ్లీషు అక్షరాలు. ఆరు చక్రాలూ తిప్పి సరైన మాట పేరిస్తే తలుపు వస్తుంది, లేకపోతే ఏనుగుని కట్టి లాగినా రాదు. ఎన్నో ఏళ్ళ కిందట ఆరో చక్రంలో బూట్ల జిగురు పడి 'యు' దగ్గర బిగుసుకుపోయింది. అందుకని మాట చివర 'యు' అని ఊళ్ళో అందరికీ తెలుసు. ముందు ఐదక్షరాలూ పెద్దాయనకి ఒక్కడికే తెలుసు. ఆ పెద్దాయన నిన్న పొద్దున ఆసుపత్రిలో పోయాడు.

లెక్చరర్ గారిని పిలిపించింది ఇన్‌స్పెక్టరు. స్టేషన్లో అతన్ని వెనకాల ఇస్త్రీ అంటారు. అతని చొక్కా మడత మీద ఈగ వాలితే రెండు ముక్కలవుతుందని హెడ్డు కానిస్టేబులు ఒట్టేసి మరీ అంటాడు. ఈ వానలో కూడా అతని మడత చెక్కు చెదరలేదు. పెట్టెకి ఎదురుగా, చిన్న ముక్కాలిపీట మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న ఆడమనిషి ప్రైవేటు డిటెక్టివ్. దొంగలకీ, సొమ్ము పోయినవాళ్ళకీ, ఊరందరికీ ఆవిడ పిన్ని. ఇస్త్రీకి మాత్రం వదిన, సొంత అన్న పెళ్ళాం. ఒకే ఇంటి కోడలూ ఒకే ఇంటి కొడుకూ ఒకే కేసు మీద కూర్చుంటే ఎలా ఉంటుందంటే, ఒకే గంపలో రెండు పెట్టలు పొదిగినట్టుంటుంది.

"బ్యూరో," అన్నారు లెక్చరర్ గారు. ఆఫీసని దాని అర్థమట. పేర్చి చూశారు. రాలేదు.

రాసేది 'యు', పలికేది 'ఓ', ఇదేం మర్యాదండీ అని పిన్ని అడిగింది. ఫ్రెంచి వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న మాటమ్మా, వాళ్ళ మర్యాదలు వేరు అని ఆయన నొచ్చుకున్నారు. తర్వాత 'లాండౌ' తీశారు. పూర్వం దొరలెక్కిన గుర్రబ్బండి పేరట. తర్వాత 'మిల్యూ'. మనిషి చుట్టూ ఉండే పరిసరం అని అర్థమట. బూట్లు కుట్టుకునే మనిషి గుర్రబ్బండినీ పరిసరాలనీ ఎందుకు దాచుకుంటాడని పిన్నికి అనుమానం. డిక్షనరీ అడుగు గీకి ఆయన ఇంకో గుప్పెడు తీశారు. ఒకటి గుడ్లగూబ పేరో, కొంగ పేరో ఆయనకే సరిగ్గా తెలీదు. ఏది పేర్చినా పెట్టె కదల్లేదు.

"ఇక అయిపోయినట్టే," అన్నాడు ఇస్త్రీ. "రెండింటికి గ్యాస్ కట్టర్ వస్తుంది. కోయించేస్తాను. కోసినవెంటనే ఈ అమ్మాయిని తీసుకుపోతాను."

ఈ అమ్మాయంటే పెద్దాయన కూతురు, బుల్లి. కొలతలిచ్చే బెంచీ చివర, గోడకి అతుక్కుపోయినట్టు కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. మేడ వెనక, కింద ఉన్న నీళ్ళ సంపులో కాలు జారి పడిందన్నారు. అప్పట్నించీ తండ్రే తల్లి. ఈ దుకాణంలోనే కుట్టుమిషను మీద పెరిగింది. వేళ్ళ చివర్లకి ఇప్పటికీ నల్లరంగు.

మూడు రోజుల కింద పగటిపూట, దారం కొనడానికి కిందకి వెళ్ళి తిరిగొచ్చేసరికి తండ్రి తల పగిలి నేల మీద పడి ఉన్నాడని బుల్లి మాట. ఆమె అరుపుకి పరిగెత్తుకొచ్చిన వాళ్ళకి మాత్రం బుల్లి చేతిలో సుత్తి కనపడింది. అడ్డంగా పడుంటే తీశానంటుంది పిల్ల. దుకాణం అమ్మేద్దామని ఆమే, అమ్మనని తండ్రీ నెల్లాళ్ళుగా గొడవపడుతున్న మాట కింద కొట్లవాళ్ళంతా విన్నారు. వీటన్నిటి మీదా ఆసుపత్రిలో జరిగింది ఇంకోటుంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

కట్టర్ సంగతి విని పిన్ని పీట మీంచి లేచింది. లోపల తోలు వస్తువో కాగితమో ఉంటే ఆ మంటకి బూడిద తప్ప ఏం మిగల్దని మరిదికి నెమ్మదిగా నచ్చజెప్పబోయింది. బూడిదైనా సాక్ష్యమే అన్నాడతను. నీ బుర్ర కూడా ఇస్త్రీ చేయించావా నాయనా, లోపల ఒక్క ముడతా లేదు అంది ఆవిడ.

అతని చెవులు ఎర్రబడ్డాయి. "వదినా, మీకు ఇంట్లో పోయినవే దొరకవు. అన్నయ్య ఎప్పుడో బస్సులో ఒంటికాలి జోడు పోగొట్టుకుంటే ఇప్పటిదాకా పట్టుకోలేకపోయారు. ఊరివాళ్ళ హంతకుల్ని పట్టుకుంటారా."

లెక్చరర్ గారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆ కథ ఊళ్ళో అందరికీ తెలుసు, అందరికీ పంచింది పిన్నే. పిన్ని మొగుడు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి దిగిపోయాడు. పుట్టుకతో ఎడంకాలు కొంచెం పొట్టి. ఈ పెద్దాయనే ఎడమ దానికి మందం అట్ట వేసి కుట్టిస్తే, ఆ జోళ్ళతోనే తిన్నగా నడుస్తాడు. ఒకనాడు ఒక కాలి జోడు బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారిపోయిందని ఒంటికాలితో గెంతుతూ ఇంటికొచ్చాడు. ఆ గెంతుని పిన్ని ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో నటించి చూపించి నవ్వించేది. ఈ కేసు ఒప్పుకున్నరోజు మాత్రం ఆ మనిషి నవ్వలేదు. నీకు మోకాళ్ళ నొప్పులు, ఆ మెట్లెక్కద్దు అని రెండు మూడు సార్లన్నాడు. అయినా రోజూ ఒంటిగంటకి క్యారియర్ పట్టుకుని అవే మెట్లెక్కి వచ్చి భోజనం పెట్టి పోతున్నాడు.

మరిది మాటకి పిన్ని నవ్వింది. పీట జరిపి నేల చూడటం మొదలుపెట్టింది.

పనిబల్ల పక్కన ఇనప పాదం ఉంది. జోడుని బోర్లించి మేకులు కొట్టుకునే దిమ్మ అది. మూడు కొమ్మలకి మూడు పాదాలు. మగవాళ్ళది, ఆడవాళ్ళది, పిల్లలది. ఏది కావాలంటే దాన్ని పైకి తిప్పుకుంటారు. ఇప్పుడు పైకున్నది పిల్లల పాదం. పిన్ని వంగి దాని వెనకవైపు గోరుతో గీకింది. ఎండిన నల్లమరక పొలుసులా లేచింది.

"సుత్తితో కొట్టలేదు," అంది. "దీంతో కొట్టి, తుడిచి, తిరిగి నిలబెట్టారు. బుల్లీ, మీరు పిల్లల జోళ్ళు ఎప్పుడు కుట్టారమ్మా?"

కుట్టలేదట. బుల్లికి ఊహ తెలిశాక ఒక్కటీ కుట్టలేదట. పెద్ద పాదం ఎప్పుడూ పైనే ఉండేదట. చీకట్లో చెయ్యి పెట్టినా అదే తగిలేదట.

పిన్ని మరిది వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళు ఈ దిమ్మ మీద చెయ్యి ఆనించి బతికిన పిల్ల దాన్ని తలకిందులుగా పెట్టదు, వంటిల్లు తెలిసినావిడ ఉప్పు డబ్బాలో పంచదార పొయ్యదు, ఇది ఈ దుకాణానికి కొత్తవాడి చెయ్యి అంది. కంగార్లో ఎవరైనా ఎలాగైనా పెడతారని అతను కొట్టిపారేశాడు. కంగారు పడ్డవాడు తుడుస్తాడా అని ఆవిడ. తుడిచిందో లేదో రసాయనం వాళ్ళు తేలుస్తారని అతను. ఇలా కాసేపు తాడు లాక్కున్నారు. తాడు తెగలేదు, పిల్ల మొహంలో రంగూ రాలేదు.

బెంచీ కింద చెయ్యి పెట్టి తడిమితే పిన్నికి ఒక చెక్క దొరికింది. అరచేతంత చెక్క, ఒకవైపు మందం, ఇంకోవైపు పల్చన. కాలు పొట్టిగా ఉన్నవాళ్ళ కొలత తీసేటప్పుడు ఆ కాలి కింద పెడతారట. ఒక్కో పొట్టి కాలికీ ఒక్కో మందం. పనైపోగానే నాన్న మళ్ళీ మేకుకి తగిలించేస్తాడు, ఇది కింద ఎందుకుందో తెలీదు అంది బుల్లి. అంటే పడిపోయే ముందు పెద్దాయన ఎవరికో కొలత తీస్తున్నాడన్నమాట. వచ్చినవాడు దొంగలా రాలేదు. ఖాతాదారుడిలా వచ్చి, ఈ బెంచీ మీద కూర్చుని, ఈ చెక్క మీద పొట్టి కాలు ఆనించాడు.

ఊళ్ళో సగం పొట్టికాళ్ళు ఈ దుకాణానికే వస్తాయి వదినా, ఎవర్ని పట్టుకుంటారు అన్నాడు ఇస్త్రీ. మాట నిజమే. పిన్ని ఆ చెక్కని మాత్రం ఎందుకో కిందపెట్టలేదు. బొటనవేలితో మందం కొలుస్తున్నట్టు తడుముతూ అలా పట్టుకునే ఉంది.

ఈలోగా లెక్చరర్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ భాషని తిట్టుకుంటున్నారు. ఇంగ్లీషు మాట హల్లు దగ్గర నిక్కచ్చిగా ఆగిపోతుందట. మనవాళ్ళకే నోరు మూతపడదట. ఎంత చెప్పినా పిల్లలు బస్సు, కారు, రోడ్డు, టిక్కెట్టు అని ప్రతిదానికీ ఒక 'ఉ' తోక తగిలిస్తారట.

పిన్ని చటుక్కున తిరిగింది. "మాస్టారూ, ఆ తోక మళ్ళీ అనండి."

ఆయన బెదిరిపోయి మళ్ళీ అన్నారు. పిన్ని పెట్టె ముందుకెళ్ళి నిలబడింది. ఇంగ్లీషు వాళ్ళకి చివర 'యు' వచ్చే మాటలు గుప్పెడు. మనకి ఇంటినిండా. ఇల్లు, పళ్ళు, కళ్ళు, నీళ్ళు, నిప్పు, తప్పు, ముప్పు. చక్రాల మీద ఉన్నది ఇంగ్లీషు అక్షరాలే గానీ ఇంగ్లీషు మాటే పెట్టాలని చట్టం లేదు కదా. పెద్దాయన బడిమొహం చూడలేదు. అట్టపెట్టెల మీద సైజులు రాసీ రాసీ అక్షరాలు నేర్చుకున్నాడు. చెవికి ఎలా వినపడితే అలా రాసేవాడు.

"బూట్లు," అంది పిన్ని. "బి, ఓ, ఓ, టి, ఎల్, యు. లెక్కపెట్టండి."

ఆరు. లెక్చరర్ గారు లేచి నిలబడ్డారు. ఇస్త్రీ కూడా ఒకడుగు ముందుకేశాడు, అది అతను ఒప్పుకోడు గానీ. చక్రాలు ఒక్కొక్కటే తిరిగాయి. పిన్ని పిడి పట్టుకుని లాగింది.

తలుపు రాలేదు.

ఇంకోసారి లాగింది. రాలేదు. ఇస్త్రీ నవ్వు గది నాలుగు మూలలకీ వెళ్ళి తిరిగొచ్చింది. ఇంక ఆటలు చాలని వదినతో అని, జీపులో సీటు తుడవమని కిటికీలోంచి కానిస్టేబులుకి కేకేశాడు. బుల్లి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఏదో వస్తువు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళని చూసినట్టు తన చేతుల్ని తనే చూసుకుంది.

పిన్ని వెళ్ళి ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుంది. ఇంతసేపూ దాటేసిన ఆసుపత్రి సంగతి ఇప్పుడు తీసింది. దాన్ని ముందు ఇస్త్రీయే అందుకున్నాడు, అది అతని తురుపు ముక్క. పోయే ముందు పెద్దాయనకి కాసేపు తెలివొచ్చింది. కూతురు తప్ప దగ్గర ఎవరూ లేరు. తలుపు దగ్గర నర్సుంది. పెద్దాయన కూతురి మొహంలోకి చూస్తూ ఒకే మాట, మళ్ళీ మళ్ళీ, కోపంగా అన్నాడని నర్సు సాక్ష్యం. 'చెప్పు, చెప్పు' అన్నాడట.

"చచ్చిపోయే మనిషి కన్నకూతుర్ని నిలదీశాడు," అన్నాడు ఇస్త్రీ. "చేసింది చెప్పు అన్నాడు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి నాకు."

బుల్లి తలెత్తింది. మూడు రోజుల్లో ఆ పిల్ల గొంతు పెద్దగా వినపడింది అప్పుడే.

"నన్ను నిలదీయలేదండీ. నేనే నాన్నని అడిగాను."

"ఏమడిగావు?" అంది పిన్ని. "అప్పుడు ఎలా అన్నావో అలాగే అను. నీ మాట నువ్వు, ఆయన మాట ఆయనలా."

బుల్లి అలాగే అంది. "'నాన్నా, పెట్టె మాట ఏంటి' అన్నాను. 'చెప్పు' అన్నాడు. 'నాకు తెలీదు కదా, నువ్వే చెప్పు' అన్నాను. మళ్ళీ 'చెప్పు' అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. 'ఏం చెప్పను నాన్నా, తెలిస్తే చెప్పనా' అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. మంచం మీద చెయ్యి కొట్టి 'చెప్పు' అన్నాడు. నేను కూడా విసుక్కున్నాను పిన్నీ. పోయేవాడి మీద విసుక్కున్నాను. ఇంక మొహం అటు తిప్పేసుకున్నాడు. అంతే."

పెట్టె మాట ఎందుకు అడిగావని ఇస్త్రీ గద్దించాడు. ఏడవకుండా ఉండటానికి బుల్లి గబగబా మాట్లాడింది. పోయిన నెల వెనక సంపు ఎండగట్టించి అడుగున పూడిక తీయించారట. ఆ బురదలో ఏదో దొరికింది. నాన్న దాన్ని తనకి చూపించకుండా కడిగి, ఆరబెట్టి, పెట్టెలో పెట్టేశాడు. ఆరోజు అన్నం తినలేదు. ఏంటని అడిగితే, ముందు ఒక మనిషిని అడగాలి, ఆ తర్వాతే నీకు, అన్నాడు. అప్పట్నించే ఈ దుకాణం నాకొద్దు, ఎటైనా పోదాం అని తను గొడవ పెట్టింది. అసలు గొడవ డబ్బుకి కాదు, భయానికి.

పిన్ని వింటూనే గుమ్మం వైపు చూస్తోంది. పెద్దాయన దుకాణంలో ఒక అలవాటుంది. ఎంతవాడైనా కాళ్ళవి గుమ్మం బయట విడిచి రావాలి. ఇవాళ బూట్లతో లోపలికొచ్చింది ఇస్త్రీ ఒక్కడే. గుమ్మం అవతల లెక్చరర్ గారివీ పిన్నివీ వానజల్లుకి తడుస్తున్నాయి. పిన్నిది ఒకటి బోర్లాపడి ఉంది.

"బుల్లీ," అంది, గొంతు బాగా తగ్గించి. "ఈ మేడ కట్టకముందు, బూట్ల పని రాకముందు, మీ నాన్న రోడ్డు పక్కన కూర్చుని ఏం కుట్టేవాడు తల్లీ?"

"ఏముంది పిన్నీ. చెప్పులే..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. నోట్లోంచి వచ్చినదాన్ని ఆ పిల్ల చెవులు అప్పుడు విన్నాయి. ఆసుపత్రిలో ఇద్దరు మనుషులు ఒకే మాట పట్టుకుని, ఒకరు గుమ్మానికి ఇవతల ఒకరు అవతల నిలబడి తలుపు తోసుకున్నట్టు, చివరిదాకా తోసుకున్నారు. కూతురు అడిగింది. తండ్రి మొదటిసారే జవాబిచ్చాడు. ఆమె దాన్ని ప్రశ్న అనుకుంది.

"నిన్ను అడగలేదు," అంది పిన్ని. "నీకు ఇచ్చాడు. లే. నీ చేత్తోనే తిప్పు."

పిన్ని బుల్లి మణికట్టు పట్టుకుని పెట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. సి. హెచ్. ఇ. పి. ఇంకో పి. ఆరో చక్రాన్ని ముట్టుకోనక్కర్లేదు, అది ఏనాడో జిగురులో కూర్చుని ఎదురుచూస్తోంది. లోపలెక్కడో పన్ను ఊడినంత చిన్న చప్పుడైంది. పిల్ల పిడి పట్టుకోగానే తలుపు బరువుగా, మెత్తగా ముందుకొచ్చింది.

లెక్చరర్ గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తను ఇంక ఉండక్కర్లేదేమోనని మెల్లిగా అని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. బుల్లి తలుపు పట్టుకునే చప్పుడు లేకుండా ఏడ్చింది. ఇస్త్రీ కిటికీలోంచి జీపు వైపు చూసి, సీటు తుడవక్కర్లేదని చెయ్యి ఊపాడు. వదినకీ మరిదికీ మధ్య నడిచిన పోటీలో అది ఓడిపోయానని ఒప్పుకోవడమే. పిన్ని గెలుపు ఎంతసేపు నిలిచిందంటే, పెట్టెలో చెయ్యి పెట్టి బయటికి తీసేంతసేపు.

నగలు లేవు, డబ్బు లేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒకే ఒక వస్తువు. కవరు విప్పితే చెప్పు. ఒక్కటే. మగవాళ్ళది, ఎడమకాలిది. తోలు నీళ్ళలో నాని ఎండి అప్పడంలా బిగుసుకుపోయింది. కుట్టు మాత్రం ఎక్కడా విడలేదు, పెద్దాయన చేతి కుట్టు అది. అడుగున మామూలు అట్ట మీద ఇంకో అట్ట, దాని మీద ఇంకోటి.

పిన్ని రెండో చేతిలో ఆ చెక్క ఇంకా ఉంది. చెప్పు అడుగున ఆనించి చూసింది. మందం మందంతో కలిసిపోయింది. వెంట్రుకవాసి తేడా లేదు.

మడమ దగ్గర ఒక చిన్న ఇత్తడి రేకు కొట్టి ఉంది. అది పెద్దాయన పని కాదు. మడమ అరిగిపోతోందని, బస్సు డిపోలో పాత రేకు కత్తిరించి మొగుడు తెచ్చుకుంటే, వంటింటి గట్టు మీద రోకలిబండతో పిన్నే కొట్టింది. మూడో మేకు వంకరపోయింది. ఇప్పుడూ వంకరగానే ఉంది.

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. లోపల మాత్రం ఒక పాత సాయంత్రం తలుపులన్నీ తీసుకుని బయటికొచ్చింది. ఇలాంటి వానే. బూట్లాయన పెళ్ళాం సంపులో పడిందట అని వీధంతా పరిగెడుతుంటే తనూ పరిగెత్తబోయింది. అప్పుడే మొగుడు ఇంట్లోకొచ్చాడు, తుంటి దాకా తడిసి, ఒంటికాలితో గెంతుతూ. బస్సులో పోయిందన్నాడు. తను పగలబడి నవ్వింది. ఆ బట్టలు తనే పిండింది, తనే ఆరేసింది. పద్దెనిమిదేళ్ళు ఆ గెంతుని పెళ్ళిళ్ళలో ఆడి చూపించింది.

ఇస్త్రీ పక్కకొచ్చి నిలబడి చెప్పు వైపు చూశాడు. ముందు పోలీసులా చూశాడు. తర్వాత తమ్ముడిలా చూశాడు. అతని భుజాలు దిగిపోయాయి. ఇన్నేళ్ళలో ఆ చొక్కా నలగడం పిన్ని చూసింది అదే మొదలు.

"వదినా," అన్నాడు, గాలి కూడా వినకూడదన్నట్టు. "అది నాకివ్వండి. కట్టర్ ఎలాగూ వస్తోంది."

ఆవిడ ఇవ్వలేదు.

కింద ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. మళ్ళీ ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. మధ్యమధ్యలో క్యారియర్ గిన్నెలు కొట్టుకుంటున్న శబ్దం. ఒంటిగంటయింది కాబోలు.

బుల్లికి ఆ చప్పుడు కొత్త కాదు, పట్టించుకోలేదు. కళ్ళు తుడుచుకుని పిన్ని చేతిలో చెప్పు వైపు, తర్వాత పిన్ని వైపు చూసింది.

"మా అమ్మ పడ్డ చోట దొరికింది ఇదేనా? ఎవరిది పిన్నీ? చెప్పు."

ఆ మాటతో పిన్ని ఎంతమంది నోళ్ళు తెరిపించిందో లెక్కలేదు. దొంగల్ని అడిగింది, సాక్షుల్ని అడిగింది, ఏడ్చేవాళ్ళనీ అడిగింది. దాన్ని ఎవరూ ఆవిడ వైపు తిప్పలేదు ఇంతవరకూ. పక్కన మరిది తల అడ్డంగా ఊపుతున్నాడు. అడుగులు ఆఖరి మెట్టెక్కాయి. గుమ్మం బయట, అలవాటు ప్రకారం, కాళ్ళవి విడుస్తున్న చప్పుడు.

"మీ బాబాయిది," అంది పిన్ని.